జర్నలిజం డిగ్రీతో కోర్టు బీటుకు: ఎల్‌ఎల్‌బీ కంటే ముందు నేర్చుకోవలసిన పని

మీరు ఎంసీజే (జర్నలిజంలో పీజీ) పూర్తి చేసి, ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో సబ్‌ఎడిటర్‌గా పనిచేస్తున్నారు. కోర్టు వార్తలు రాసే రిపోర్టర్‌గా స్థిరపడాలని కోరుకుంటున్నారు. ఎల్‌ఎల్‌బీ లేకుండా అది సాధ్యమేనా, ఎక్కడ మొదలుపెట్టాలి, తెలుగులో మాత్రమే రాసేవారికి ఈ రంగంలో ఎదుగుదల ఉంటుందా అని అడిగారు. హైదరాబాదులో చాలా ఏళ్లు కోర్టు బీటు చూసి, ఇప్పుడు ఆ బీటులోకి కొత్తగా వచ్చేవారి కాపీలు దిద్దుతున్న వ్యక్తిగా నాకు తెలిసింది చెబుతాను.

సాధ్యమే. ఎల్‌ఎల్‌బీ లేకపోవడం అడ్డంకి కాదు. నాతో పనిచేసిన మంచి కోర్టు రిపోర్టర్లలో ఎక్కువమంది జర్నలిజం నుంచి వచ్చినవారే. అయితే నేరుగా హైకోర్టు బీటు కోసం ఆత్రపడవద్దు. ముందు ఒక జిల్లా కోర్టులోనో, నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లోనో ఒకటి రెండేళ్లు తిరగండి. కేసు ఎలా పుడుతుందో, ఏయే మెట్లు ఎక్కుతుందో, ఎక్కడ ఆగిపోతుందో కళ్లారా చూడండి. ఎల్‌ఎల్‌బీ ఆ తరువాత చేస్తే, చదివిన ప్రతి పాఠం మీరు చూసిన ఏదో ఒక కేసుకు ముడిపడి గుర్తుంటుంది.

మీ ప్రశ్నలో లేకపోయినా ఇక్కడొక స్పష్టత అవసరం. కోర్టు రిపోర్టర్ ఉద్యోగం గురించి వెతికితే అమెరికాకు సంబంధించిన సమాచారమే ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ ఆ పేరుతో పిలిచేది కోర్టులో పలికిన ప్రతి మాటనూ స్టెనో యంత్రం మీద నమోదు చేసే ఉద్యోగిని. అక్కడి నేషనల్ కోర్ట్ రిపోర్టర్స్ అసోసియేషన్ ఇచ్చే ఆర్‌పీఆర్ సర్టిఫికెట్ కావాలంటే సాక్షుల ప్రశ్నోత్తరాలను నిమిషానికి 225 పదాల వేగంతో తీసుకోగలగాలి. మన కోర్టుల్లో ఆ తరహా పనికి షార్ట్‌హ్యాండ్ పరీక్ష ద్వారా ఎంపికైన స్టెనోగ్రాఫర్లు ఉంటారు. జర్నలిజం డిగ్రీకి ఆ దారితో సంబంధం లేదు కనుక దానిని పక్కన పెడుతున్నాను.

ఇక ఈ పనిలో మొదట అలవరచుకోవలసింది: న్యాయమూర్తి ఏమన్నారన్నది రాసే ముందు కోర్టు ఏమని ఉత్తర్వు ఇచ్చిందో తెలుసుకోవడం. ఈ రెండింటి మధ్య ఎంతో దూరం ఉండవచ్చు. విచారణలో న్యాయమూర్తులు ప్రశ్నిస్తారు, న్యాయవాది వాదనను పరీక్షించడానికి ఎదురువాదన చేస్తారు, కొన్నిసార్లు అసహనం వ్యక్తం చేస్తారు. అవన్నీ వార్తలే కావచ్చు గానీ, కక్షిదారుడి జీవితాన్ని మార్చేది సంతకమైన ఉత్తర్వు మాత్రమే. 2021 ఏప్రిల్‌లో, కరోనా రెండో ఉద్ధృతి రోజుల్లో, మద్రాసు హైకోర్టు ధర్మాసనం ఎన్నికల సంఘం అధికారులపై హత్యానేరం కింద కేసు పెట్టాలేమో అన్నంత తీవ్రంగా మౌఖికంగా వ్యాఖ్యానించింది. లిఖిత ఉత్తర్వులో ఆ మాట లేదు. మౌఖిక వ్యాఖ్యలను మీడియా ప్రచురించకుండా నిలువరించాలని ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది మే 6న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్.షాల ధర్మాసనం ఆ అభ్యర్థనను తిరస్కరించి, బహిరంగ న్యాయస్థానంలో జరిగేదానిని రాసే స్వేచ్ఛ మీడియాకు ఉందని చెప్పింది. అదే తీర్పులో హైకోర్టు వ్యాఖ్యలు కఠినమైనవని, అనుచితమైనవని కూడా పేర్కొంది. కాబట్టి వ్యాఖ్యను రాసే హక్కు మీకుంది. అది వ్యాఖ్య అని, ఉత్తర్వులో లేదని పాఠకుడికి అదే వార్తలో స్పష్టం చేయవలసిన బాధ్యత కూడా మీదే.

ఈ అలవాటు లేకపోతే ఏమవుతుందో నా బీటులో జరిగిన ఒక సంఘటనతో చెబుతాను. ఒక ప్రభుత్వ జీవోను సవాలు చేస్తూ కొందరు ఉద్యోగులు రిట్ పిటిషన్ వేశారు. మధ్యాహ్నం విరామానికి ముందే వారి తరఫు న్యాయవాది కారిడార్‌లోకి వచ్చి జీవోను కోర్టు ఆపేసిందని విలేకరులకు చెప్పారు. కొన్ని చానళ్లలో జీవో కొట్టివేత అంటూ వెంటనే స్క్రోలింగ్ మొదలైంది. నేను కోర్టు హాలులోకి తిరిగి వెళ్లి, తరువాతి కేసు నడుస్తుండగా న్యాయమూర్తి చెప్పి రాయించిన డిక్టేషన్‌లో ఏముందో ప్రభుత్వ న్యాయవాది సహాయకుడిని అడిగాను. సాయంత్రం ఉత్తర్వు చేతికి వచ్చాక చూస్తే జీవో చెక్కుచెదరలేదు. పిటిషనర్లపై మాత్రం తదుపరి వాయిదా వరకు బలవంతపు చర్యలు తీసుకోవద్దని, ఈలోగా ప్రభుత్వం కౌంటర్, అంటే తన సమాధాన అఫిడవిట్, వేయాలని ఉంది. న్యాయవాది అబద్ధం చెప్పాడని అనను. తన కక్షిదారులకు ఉపశమనం దొరికింది కనుక ఆయన దృష్టిలో జీవో ఆగినట్లే. అయితే అదే జీవో కిందికి వచ్చే మిగిలిన వేలమంది ఉద్యోగులు ఆ స్క్రోలింగ్ చూసి ఆ రాత్రి ఏమనుకుని ఉంటారో ఆలోచించండి.

ఉత్తర్వు చదవడానికి ఒక క్రమం పెట్టుకోండి. ముందు చివరి పేరా చదవాలి, ఎందుకంటే కోర్టు ఇచ్చింది అక్కడే ఉంటుంది. తరువాత మొదటి పేజీకి వచ్చి పిటిషనర్ ఏమి కోరారో చూడాలి. కోరినదానికీ ఇచ్చినదానికీ ఉన్న తేడాలోనే చాలాసార్లు అసలు వార్త ఉంటుంది. ఆ తరువాత ఇరుపక్షాల వాదనలు, చివరగా కారణాలు. ఇంగ్లిషు ఉత్తర్వును ఇలా చదివి అర్థం చేసుకోవడం మొదట్లో చాలా సమయం తీసుకుంటుంది. కొన్ని నెలల తరువాత కన్ను తనంతట తానే సరైన చోటికి వెళుతుంది.

డెస్కులో పనిచేస్తున్న మీకు ఇప్పటికే కనిపించి ఉండవలసిన కొన్ని శీర్షికల గురించి కూడా చెప్పాలి. హైకోర్టు ఆగ్రహం, సర్కారుకు మొట్టికాయలు, అధికారులకు అక్షింతలు వంటివి మన పత్రికల్లో నిత్యం వస్తుంటాయి. ఇవి కోర్టు ఏమి చేసిందో చెప్పవు, కోర్టు మూడ్ ఎలా ఉందో మాత్రమే చెబుతాయి. అలాగే హైకోర్టు నోటీసులు అన్న శీర్షికకు చాలా సందర్భాల్లో అంత ప్రాధాన్యం ఉండదు. ఎదుటి పక్షం వాదన వినడానికి పిలవడమే నోటీసు. అది పిటిషనర్ వాదనను అంగీకరించినట్లు కాదు. కేసు కొట్టివేత అన్న మాట ఇంకా ప్రమాదకరం. ఎఫ్‌ఐఆర్‌ను హైకోర్టు రద్దు చేసినా, విచారణకు తగిన ఆధారాలు లేవని ట్రయల్ కోర్టు నిందితుడిని డిశ్చార్జి చేసినా, సాక్షులందరినీ విన్నాక నిర్దోషిగా ప్రకటించినా, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినా డెస్కు ఒకే మాట వాడుతుంది. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు ఫలితాలు. ఇరవై ఏళ్ల తరువాత ఆ మనిషి పేరు వెతికేవాడికి మీ వార్తే దొరుకుతుంది కనుక, ఏది జరిగిందో విడమరచి రాయాలి.

రిమాండ్ రిపోర్టుల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. రిమాండ్ రిపోర్టులో సంచలన విషయాలు అంటూ వచ్చే వార్తల్లో కోర్టు తేల్చింది ఏదీ ఉండదు. నిందితుడిని కస్టడీకి పంపాలని కోరుతూ పోలీసులు మేజిస్ట్రేటుకు చెప్పుకున్న వాదన అది. అందులో నిందితుడు అంగీకరించాడు అని ఉన్నంతమాత్రాన అది సాక్ష్యం కాదు. పోలీసు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారం నిందితుడికి వ్యతిరేకంగా రుజువుగా చెల్లదని పాత సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ చెప్పింది, కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. రిమాండ్ రిపోర్టు ఆధారంగా రాయడం తప్పు కాదు. ప్రతి వాక్యంలో పోలీసుల కథనం ప్రకారం అని పాఠకుడికి గుర్తు చేయాలి, నిందితుడి తరఫు న్యాయవాది ఏమన్నారో కూడా వేయాలి.

ఉరిశిక్ష వార్తల్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) ప్రత్యేక కోర్టు 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష విధించింది. ట్రయల్ కోర్టు విధించిన మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరించేవరకు అమలు చేయడానికి వీల్లేదు. ఆ ధ్రువీకరణ తెలంగాణ హైకోర్టు నుంచి 2025 ఏప్రిల్‌లో వచ్చింది. మధ్యలో ఎనిమిదేళ్లకు పైగా గడిచాయి. ట్రయల్ కోర్టు తీర్పు రోజునే ఉరి ఖరారు అని రాస్తే, హైకోర్టు ధ్రువీకరించిన రోజున రాయడానికి మాట మిగలదు. హైకోర్టు తరువాత కూడా సుప్రీంకోర్టు, ఆపై క్షమాభిక్ష పిటిషన్ ఉంటాయి. కేసు ఏ మెట్టు మీద ఉందో ప్రతిసారీ ఒక వాక్యంలో చెప్పడం కోర్టు రిపోర్టర్ బాధ్యత.

కింది కోర్టు నుంచే మొదలుపెట్టమని చెప్పడానికి కారణం ఇప్పుడు చెబుతాను. హైకోర్టులో మీకు కనిపించేది ఎక్కువగా అఫిడవిట్లు, కౌంటర్లు, న్యాయవాదుల వాదనలు. సాక్షి బోనెక్కడం, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మాట మార్చడం, పంచనామా సాక్షి సంతకం తనదే గానీ తాను ఏమీ చూడలేదని చెప్పడం, దర్యాప్తు అధికారి తేదీల దగ్గర తడబడటం కనిపించేది సెషన్స్ కోర్టులో, మేజిస్ట్రేటు కోర్టులో. ఒక హత్య కేసు ఎందుకు వీగిపోయిందో తీర్పు చదివి తెలుసుకోవచ్చు. సాక్షి ప్రతికూలంగా మారిన రోజున ఆ హాలులో ఉన్నవాడికి మాత్రం ఆ తీర్పు ఏ వైపు వెళ్లబోతోందో నెలల ముందే అర్థమవుతుంది. హైదరాబాదులో ఉంటే నాంపల్లి క్రిమినల్ కోర్టులు, పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు, ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులు మంచి బడులు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే హైకోర్టు అమరావతి ప్రాంతంలోని నేలపాడులో ఉంది, ట్రయల్ కోర్టుల అనుభవానికి విజయవాడ, గుంటూరు దగ్గరలోనే ఉన్నాయి. మీరు ఇప్పుడున్న జిల్లా కేంద్రంలో జిల్లా కోర్టు ఉంటుంది కనుక ఊరు మారవలసిన పని కూడా లేదు.

అక్కడికి వెళ్లినప్పుడు మొదట చూడవలసింది ఆనాటి కాజ్‌లిస్టు. ఏ హాలులో ఏ కేసు ఏ దశలో ఉందో అందులో ఉంటుంది. ఈకోర్ట్స్ వెబ్‌సైటులోనూ కేసు నంబరుతో గానీ, 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్‌ఆర్ నంబరుతో గానీ ప్రతి వాయిదా చరిత్రనూ చూడవచ్చు. నంబర్ల ముందు ఉండే పొడి అక్షరాలను జాగ్రత్తగా గమనించండి. మేజిస్ట్రేటు కోర్టులో సీసీ అంటే క్యాలెండర్ కేసు, మన హైకోర్టుల్లో సీసీ అంటే కోర్టు ధిక్కరణ కేసు. ఒకటి మామూలు క్రిమినల్ కేసు, రెండోది కోర్టు ఆదేశాన్ని ధిక్కరించారన్న ఆరోపణ. ఒక కంట్రిబ్యూటర్ పంపిన కాపీలో ఒక ఎమ్మార్వో మీద క్రిమినల్ కేసు నమోదైందని ఉంటే, నంబరు అడిగి చూశాను. అది హైకోర్టులోని ధిక్కరణ పిటిషన్. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా ఉంటే ఆ అధికారి పేరు మరునాడు జిల్లా పేజీలో నిందితుడిగా అచ్చయ్యేది.

సెక్షన్ల విషయంలో ఇప్పుడు కొత్తవారికే కాదు, పాతవారికీ పరీక్షే. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. అంతకుముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి కనుక, ఒకే రోజు ఒకే కోర్టులో రెండు చట్టాల భాష వినబడుతుంది. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టు కేసును రద్దు చేసే అధికారం. కొత్త బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిల్, కేసు రద్దు 528లోకి వెళ్లింది. 482 పిటిషన్ అని న్యాయవాది అన్నప్పుడు ఏ చట్టం అని అడగకుండా రాస్తే, బెయిల్ కోసం వెళ్లినవాడు కేసు కొట్టేయించుకోవడానికి వెళ్లినట్లు అచ్చవుతుంది. అరెస్టు చేయకుండా హాజరు కావాలని పోలీసులు ఇచ్చే, అందరికీ నోటికి వచ్చిన 41ఏ నోటీసు ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 35లో ఉంది. ఈ చట్టాల అసలు పాఠాలు ఇండియా కోడ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. గైడ్లు కాకుండా అసలు పాఠమే చదవండి.

ఇక మీకు రక్షణ ఎక్కడుందో, ప్రమాదం ఎక్కడుందో మొదటి వారంలోనే తెలియాలి. కోర్టు కార్యకలాపాలను నిజాయితీగా, ఉన్నదున్నట్లు నివేదిస్తే ధిక్కరణ కాదని 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. కోర్టు కార్యకలాపాల గురించి సారాంశంలో నిజమైన నివేదిక ప్రచురించడం పరువునష్టం కాదని శిక్షాస్మృతిలోనే మినహాయింపు ఉంది, అది ఇప్పుడు బీఎన్‌ఎస్ 356లో ఉంది. ఈ రక్షణ కోర్టు హాలులో జరిగినదానికి. అదే న్యాయవాది మెట్ల మీద నిలబడి చానళ్ల మైకుల ముందు ఎదుటి పక్షాన్ని దొంగ అంటే, ఆ మాటకు ఈ రక్షణ వర్తించదు. నేను నోట్‌బుక్‌లో హాలు లోపలి మాటలను, బయటి మాటలను వేర్వేరు పేజీల్లో రాసుకునేవాణ్ణి. మీరూ అలాగే చేయమని సలహా.

కొన్ని కేసుల్లో రాయకూడనివి ఉంటాయి, వాటి విషయంలో ఎంత జాగ్రత్త పడినా ఎక్కువ కాదు. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెడితే బీఎన్‌ఎస్ 72 కింద రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆ కేసుల విచారణ విషయాలను కోర్టు అనుమతి లేకుండా ప్రచురించడం 73వ సెక్షన్ కింద నేరం, అయితే హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులకు మినహాయింపు ఉంది. బాధితురాలు మరణించినా పేరు వేయకూడదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మరుసటి ఏడాదే హైదరాబాదు శివార్లలో పశువైద్యురాలిపై జరిగిన ఘాతుకంలో ఆమె అసలు పేరు, ఫొటో దేశమంతా తిరిగిన తరువాత గానీ దిశ అన్న పేరు వాడుకలోకి రాలేదు. ఆ తీర్పు చదివిన విలేకరి ప్రతి న్యూస్‌రూములో ఒక్కరు ఉన్నా అంత దూరం వచ్చేది కాదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పిల్లల కేసుల్లో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా కఠినం. పేరు, చిరునామా, ఫొటో మాత్రమే కాదు, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు, బిడ్డ ఎవరో తెలియజేసే ఏ వివరమూ రాకూడదు. కాపీ దిద్దేటప్పుడు నేను తరచూ చూసే దోషం ఇది: రిపోర్టర్ గ్రామం పేరు తీసేస్తాడు, కానీ మండలం పేరు ఉంచుతాడు, తండ్రి టైలర్ అని ఉంచుతాడు, ఇల్లు ఫలానా గుడి వెనుక ఉందని ఉంచుతాడు. ఆ మండలంలో చదివే ప్రతి ఒక్కరికీ ఆ అమ్మాయి ఎవరో తెలిసిపోతుంది. నిందితుడు తండ్రో, మేనమామో అయినప్పుడు నిందితుడి పేరు వేసినా బిడ్డ పేరు వేసినట్లే. అటువంటప్పుడు నిందితుడి పేరును, బంధుత్వాన్ని కూడా వదిలేయాలి. వార్త పలచబడుతుందని డెస్కు అంటే, పలచబడనివ్వండి అని చెప్పగలగాలి. విడాకులు, పిల్లల సంరక్షణ వంటి కుటుంబ వ్యవహారాల్లోనూ రహస్య విచారణ ఉంటుంది. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ఆ విచారణల ప్రచురణను నిషేధిస్తుంది. సెలబ్రిటీల విడాకుల వార్తల్లో దీనిని చాలామంది పట్టించుకోరు, మీరు మాత్రం పట్టించుకోవాలి.

విచారణకు నిజమైన హాని కలిగే ప్రమాదం ఉన్నప్పుడు, ప్రచురణను కొంతకాలం వాయిదా వేయమని కోర్టు ఆదేశించవచ్చు. 2012లో సహారా సంస్థకూ, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకీ మధ్య నడిచిన కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ అధికారాన్ని గుర్తించింది. మీరు రాస్తున్న కేసులో అటువంటి ఆదేశం ఉందో లేదో ప్రతిసారీ కనుక్కోండి. ఆన్‌లైన్ విచారణలను కోర్టు అనుమతి లేకుండా రికార్డు చేసి క్లిప్పులుగా వాడడం కూడా చేయకూడని పని. అవి అందుబాటులో ఉన్నంతమాత్రాన మన సొత్తు కావు.

ఎల్‌ఎల్‌బీ సంగతికి వస్తాను. ఏ డిగ్రీ ఉన్నా లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల కోర్సులో చేరవచ్చు, జనరల్ విభాగంలో డిగ్రీలో 45 శాతం మార్కులు ఉండాలి. బీటులో ఏడాదో రెండేళ్లో గడిపాక చేరమనే నా సలహా. హాజరు నిబంధనలు కఠినంగా ఉంటాయి కనుక మీ బ్యూరో చీఫ్‌తో వేళల గురించి ముందే మాట్లాడుకోండి. సుప్రీంకోర్టులో గుర్తింపు పొందిన విలేకరిగా ఉండటానికి చాలాకాలం న్యాయశాస్త్ర పట్టా తప్పనిసరి నిబంధనగా ఉండేది. 2024 అక్టోబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ దానిని సడలిస్తున్నట్లు ప్రకటించారు. కాబట్టి ఢిల్లీ లక్ష్యంగా పెట్టుకున్నా పట్టా కోసం ఇప్పుడే ఉద్యోగం మానవలసిన అవసరం లేదు. లైవ్‌లా, బార్ అండ్ బెంచ్ వంటి ఇంగ్లిషు న్యాయవార్తా సంస్థలకు వెళ్లాలనుకుంటే మాత్రం అక్కడ లా చదివినవారితో పోటీ పడవలసి ఉంటుంది, పట్టా బలంగా ఉపయోగపడుతుంది. ఒక్క హెచ్చరిక: పూర్తికాలపు జీతంతో ఉద్యోగం చేస్తూ న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడానికి బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. చదవండి, కానీ రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దు.

న్యాయవాదులతో స్నేహం ఈ బీటుకు ప్రాణం, ప్రమాదం కూడా. పిటిషన్ ప్రతి ఇచ్చేది వారే, భోజన విరామం తరువాత అత్యవసరంగా వినే లంచ్‌మోషన్ ఉందని, రాత్రి న్యాయమూర్తి ఇంటి వద్ద హౌస్‌మోషన్ విచారణ ఉందని ఫోన్ చేసేదీ వారే. అందుకు ప్రతిగా తమ పేరు వార్తలో రావాలని, తమ వాదన ముందు రావాలని ఆశించేవారుంటారు. నేను ఒక నియమం పెట్టుకున్నాను: ఎవరు కాగితం ఇచ్చినా ఎదుటి పక్షం న్యాయవాదికో, ప్రభుత్వ న్యాయవాదికో ఫోన్ చేయకుండా కాపీ పంపేవాణ్ణి కాదు. వారు మాట్లాడకపోతే, కౌంటర్ ఇంకా దాఖలు కాలేదని రాసేవాణ్ణి. కోర్టు మాస్టర్లు, బెంచ్ క్లర్కులు, అటెండర్లు మర్యాదగా అడిగితే వాయిదా తేదీ వంటి బహిరంగ వివరాలు చెబుతారు. వారి ఉద్యోగానికి ముప్పు తెచ్చే సమాచారం అడగవద్దు. పెండింగులో ఉన్న కేసు గురించి న్యాయమూర్తులను కలవాలని అసలు ప్రయత్నించవద్దు.

తెలుగులో ఎదుగుదల ఉంటుందా అన్నదానికి నా సమాధానం ఉంటుందనే. జీతాల విషయంలో మాత్రం ఆశలు పెంచను. జిల్లాల్లో కోర్టు బీటు ఒక్కటే ఇవ్వరు, క్రైమ్‌తో కలిపి ఇస్తారు. రాజధానిలో హైకోర్టు బీటు దక్కించుకోవడానికి ఓపిక కావాలి. అయితే ఈ పని చేయగలవారు తక్కువ, అవసరం ఎక్కువ. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టు కార్యకలాపాలు ఇంగ్లిషులో సాగుతాయి. భూమి తగాదాలో ఉన్న రైతుకు, సర్వీసు కేసు వేసిన టీచరుకు తన తీర్పులో ఏముందో తన భాషలో చెప్పే మనిషి చాలాసార్లు విలేకరే. 2023లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి.నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాకల ధర్మాసనం ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు వెలువరించినప్పుడు అది పెద్ద వార్త అయిందంటే, అది ఎంత అరుదో అర్థమవుతుంది. ఇంగ్లిషు తీర్పును తప్పు లేకుండా చదివి, సులభమైన తెలుగులో రాయగలిగితే మీ స్థానం మీకు ఉంటుంది. ఇంగ్లిషు మాట్లాడటం రాకపోయినా పరవాలేదు, చదివి అర్థం చేసుకోవడం మాత్రం రావాలి.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమైనది. అరెస్టు వార్త మొదటి పేజీలో వస్తుంది, ఏళ్ల తరువాత అదే మనిషి నిర్దోషిగా బయటపడితే లోపలి పేజీలో కూడా రాదు. మీరు రాసిన ప్రతి కేసు నంబరును ఒక రిజిస్టరులో రాసుకోండి, ఎదురుగా తదుపరి వాయిదా తేదీ వేసుకోండి. నెలకొకసారి ఈకోర్ట్స్‌లో అన్నీ సరిచూడండి. అరెస్టు గురించి రాసిన చేతితోనే ఫలితం గురించీ రాయాలి. ఈ రిజిస్టరు వల్ల మీకు వార్తలు కూడా దొరుకుతాయి: చార్జిషీటు గడువు దాటి డిఫాల్ట్ బెయిల్ వచ్చిన కేసులు, సాక్షులు రాక ఏళ్లుగా నిలిచిపోయిన కేసులు, ప్రభుత్వం అప్పీలు వేయకుండా వదిలేసినవి. ఇవి ఏ ప్రెస్‌నోటులోనూ రావు.

ఇప్పుడు మీరు చేయగలిగేది ఇది. మీ వారపు సెలవు రోజు పని దినాన వస్తే, ఆ రోజు మీ జిల్లా సెషన్స్ కోర్టుకు వెళ్లి సాక్ష్యాల దశలో ఉన్న కేసును ఒకటి ఎంచుకోండి. ఆ కేసు ఎఫ్‌ఐఆర్‌ను పోలీసు శాఖ వెబ్‌సైటులో వెతకండి. సున్నితమైన కేసులను మినహాయించి ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించింది. చార్జిషీటు మాత్రం అలా దొరకదు, అది బహిరంగ పత్రం కాదని 2023లో అదే కోర్టు చెప్పింది, కనుక దాని కోసం ఇరుపక్షాల న్యాయవాదులనూ పరిచయం చేసుకోవలసి వస్తుంది. సాదా దుస్తుల్లో వెళ్లండి, తెలుపు నలుపు వేసుకుంటే న్యాయవాది అనుకుంటారు. ఫోన్ ఆపేసి వెనుక బెంచీలో కూర్చోండి. అచ్చు కోసం కాకుండా మీ కోసం ప్రతి వాయిదాకూ ఒక చిన్న నివేదిక రాసుకోండి. తీర్పు వచ్చాక ఆ నివేదికలను తీర్పు పక్కన పెట్టి, న్యాయాధికారి దేనికి విలువ ఇచ్చారో, మీరు దేనికి ఇచ్చారో పోల్చి చూడండి. ఆ ఫైలు తీసుకుని మీ బ్యూరో చీఫ్ దగ్గరకు వెళ్లి కోర్టు బీటు అడగండి.